లెక్కల పుస్తకం పట్టుకొని రా

అల్లుడా,

మంచిర్యాలలో నీ టిఫిన్ సెంటర్ మూతపడ్డదని మా చెల్లె, మీ అమ్మ చెప్పింది. షాపు పోయినందుకు కాదు, ఆ సంగతి నువ్వు నెలల తరబడి దాచినందుకు ఎక్కువ ఏడ్చింది. మీ బాపు రిటైరయినప్పుడు వచ్చిన గ్రాట్యుటీ అందులో ఉంది కదా.

మీ రామకృష్ణాపూర్ క్వార్టర్‌లో 'అమృతం' అంటే పడిచచ్చేవాళ్లు. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్ 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో 300 పైచిలుకు ఎపిసోడ్లు వచ్చింది. అందులో అమృతరావు, ఆంజనేయులు కలిసి పెట్టిన అమృతవిలాస్ హోటల్ ఏనాడన్నా సాఫీగా నడిచిందా? ఓనర్ అప్పాజీ అద్దె కోసం మీద పడేవాడు, ఇంట్లో పెళ్లాలు సంజీవని, శాంత నిలదీసేవాళ్లు. అయినా ఆ సంసారాలు చెదరలేదు. నేను చూసినంతలో, నష్టం కంటే దాన్ని కప్పిపుచ్చడానికి ఆడిన అబద్ధమే వాళ్లను ఎక్కువ ముంచేది. ఆ అబద్ధం ఎట్లాగూ బయటపడేది, తిట్లు పడేవి, మళ్లీ వారం అదే హోటల్. అమృతరావు వేషంలో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ మారారు గానీ, ఆంజనేయులు మాత్రం గుండు హనుమంతరావే. ఓడినవాడి పక్కన అట్లా ఒక మనిషి మిగలాలి.

కానీ టీవీలో అరగంటలో సర్దుకునేది ఇంట్లో దానంతటదే సర్దుకోదు. ముందు ఎవరో ఒకరు నోరు విప్పాలి.

మీ బాపు తట్టా చెమ్మస్ పట్టి బొగ్గెత్తిన మనిషి. బాయిలో పని మొదలుపెట్టే ముందు రూఫ్‌ను తట్టి చూస్తారు. గట్టిగా మోగితే సరే, బోలుగా మోగితే ఆ క్షణమే కేకేసి పక్కవాళ్లను తప్పిస్తారు. ఎవరికి చెప్తే ఏమనుకుంటారోనని ఊరుకుంటే ప్రాణాలు పోతాయి. నీ షాపు బోలుగా మోగిన రోజే నువ్వు కేకెయ్యాల్సింది.

మీ బాపుదీ తప్పుంది, పెద్దమనిషని వెనకేసుకురాను. బాయి ఉద్యోగమొచ్చిన పక్క క్వార్టర్ పిల్లగాడితో నిన్ను పోల్చి పోల్చి నీ నోరు నొక్కేసిండు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఓపెన్‌కాస్టులు, మిషన్లు వచ్చినంక ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. ఉద్యోగం దొరక్కపోవడం నీ చేతగానితనం కాదు. ఆ మాట ఆయన మొహం మీదే చెప్పిన.

వచ్చే ఆదివారం రా. లెక్కల పుస్తకం తే. అద్దె బాకీ, కిరాణా బాకీ, గ్యాస్ బాకీ, నాకు కూడా చెప్పకుండా తెచ్చిన చేబదులు అన్నీ అందులో రాసి తే. నేను పక్కనే కూర్చుంట గానీ, నీ తరఫున మాట్లాడను. మీ బాపు తిడతడు, తిట్టనియ్యి. మధ్యలో లేచి పోవద్దు. కోపం దిగినంక వడ్డీ పెరిగే బాకీ ఏదో చూసి, ముందు దాన్ని తీర్చే దారి ముగ్గురం కూర్చొని వెతుకుదాం.

మీ మామ