కషాయం

చేవెళ్లలో నా స్కూటరు బాగుచేసే మెకానిక్‌కి నోటిదురుసు. బోల్టు బిగుసుకుపోయినా, పనికుర్రాడు పానా ఆలస్యంగా అందించినా అతని నోటివెంట వచ్చే మాటలు ఇక్కడ రాయదగినవి కావు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడంటే మాత్రం 41 రోజులు ఆ షెడ్డులో పానాల చప్పుడే తప్ప తిట్టు వినపడదు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, చెప్పుల్లేని కాళ్లు. "కోపాన్ని ఎట్లా ఆపుకుంటున్నారు స్వామీ?" అని అడిగానొకసారి.

"నేనేడ ఆపుతున్న స్వామీ! పొద్దున లేస్తే అందరు స్వామీ స్వామీ అనవట్టె. నేను గూడ అందరిని గట్లనే పిలువాలె. స్వామీ అని పిలిచి ఎట్ల తిడ్త?"

కట్టుకున్న బట్ట మనసును మారుస్తుందా అని చదువుకున్నవాళ్లూ తర్కించారు. 2012లో అమెరికాలో ఆడమ్, గలిన్‌స్కీ అనే పరిశోధకులు ఒకే రకం తెల్లకోటును కొందరికి డాక్టరు కోటని, కొందరికి పెయింటరు కోటని చెప్పి తొడిగారు. డాక్టరు కోటు అనుకున్నవాళ్లకే ఏకాగ్రత పెరిగిందన్నారు. అదే పరిశోధనలోని మొదటి ప్రయోగాన్ని 2019లో ఇంకొకరు మళ్లీ చేసి చూస్తే మునుపటి ఫలితం రాలేదు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. గంటసేపు తొడిగి విప్పేసే కోటుకు ఎంత బలముంటుంది? మన దీక్షాబట్టకు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానముంది, చాపమీద పడకుంది, గురుస్వామి వేసిన మాల ఉంది, అన్నిటికీ మించి ఊరంతా కలిసి పిలిచే ఒక పిలుపుంది. నలుపు రంగులో మహిమ వెతకనక్కర్లేదు. హనుమాన్ దీక్షకు కాషాయం, భవానీ దీక్షకు ఎరుపు కడుతున్నారు. అక్కడా ఇదే జరుగుతోంది. మనిషి తనకు తాను ఇచ్చుకున్న మాటను పదిమందికీ కనబడేలా ఒంటిమీద వేసుకోవడం దీక్ష. మరిచిపోదామన్నా ఎదుటివాడు మరిచిపోనివ్వడు.

కాషాయమంటే గుర్తొచ్చింది. సంస్కృతంలో కషాయమంటే చెట్టు బెరడు మరిగించి తీసిన రసం. మన ఇళ్లలో జలుబుకు తాగేదీ అదే. ఆ రసంలో ముంచి తీసిన గుడ్డ కాషాయం. అయితే అదే మాటకు మనసుకు పట్టిన మరక అని కూడా అర్థం. ఛాందోగ్యంలో సనత్కుమారుడి దగ్గరికి వచ్చిన నారదుణ్ణి కషాయం కడిగేసుకున్నవాడని ఉపనిషత్తు పేర్కొంటుంది. గౌడపాదులవారు సమాధికి అడ్డుపడే వాటిలో కషాయాన్ని చెప్పారు: మనసు అటూ ఇటూ పరుగెత్తదు, నిద్రపోదు, పాత వాసనతో బిర్రబిగిసి ఉంటుంది. ధమ్మపదం కూడా ఈ మాటతోనే చమత్కరిస్తుంది. లోపలి కషాయం వదలనివాడికి ఒంటిమీది కాషాయం ఎందుకని దాని ప్రశ్న. రంగుకూ మరకకూ ఒకే పేరు పెట్టిన పూర్వులు గడుసువాళ్లు. సన్యాసి ప్రతి ఉదయం కట్టుకునే గుడ్డే అతణ్ణి నిలదీస్తుంది. మన వేమన దొంగ వేషధారుల మీద విరుచుకుపడ్డది వాళ్ల చెవులకు ఆ ప్రశ్న వినపడకపోబట్టే.

మడి అన్న మాట కూడా ఇలాంటిదే. మా నాయనమ్మ తడిబట్టతో వంటింట్లోకి వెళ్లిందంటే పిల్లలం గడప దాటేవాళ్లం కాదు. ఆ గంటసేపు ఆమె ముఖంలో ఇంటి గొడవలేవీ ఉండేవి కావు. మడి అంటే పొలంలో గట్టు కట్టిన చెక్క కూడా కదా. గట్టుంటేనే నీరు నిలుస్తుంది, నారు పట్టుకుంటుంది. మనసుకూ ఓ గట్టు కావాలి. కాని నీరు పోయే దారి కూడా మూసేస్తే నారు కుళ్లుతుంది. అంటుకుంటారేమోనన్న భయంతోనే గడిచిన మడి అలా కుళ్లినదే. మా ఇంట్లోనూ కుళ్లింది, దాచడమెందుకు. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు ఆలయ అర్చకులు రంగరాజన్ గారు హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి తన భుజాలమీద మోసుకెళ్లారు. అంటరానివాడనిపించుకున్న భక్తుడు తిరుప్పాణాళ్వారును అర్చకుడు లోకసారంగముని మోసిన పాత కథను మళ్లీ నడిపించారన్నమాట. ఆ రోజు ఆయన మడి చెడిందంటారా?

మొయినాబాద్ మండలంలో, ఉస్మాన్‌సాగర్ పక్కన ఉంది ఆ చిలుకూరు గుడి. హుండీ లేదు. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరితే 108. చేతిలో అంకెల కాగితం, పెన్ను. మొక్కు తీర్చుకుంటూ తిరిగినప్పుడు మొదటి పది చుట్లూ నేను జనం బట్టలే చూశాను. ఎవరిది కంచి పట్టు, ఎవరి మెడలో ఆఫీసు కార్డు, నా పంచె అంచు సరిగ్గా ఉందా. నలభై దాటాక చెమటకు పట్టూ నూలూ ఒక్కలాగే ఒంటికంటుకున్నాయి. డెబ్బయ్యో చుట్టులో ముందున్నవాళ్ల మడమలు తప్ప ఏమీ కనబడలేదు.

ఉపనిషత్తులోని ఈశావాస్యం అన్న మాటకు ఈశ్వరుడితో కప్పవలసింది అని శంకరులు అర్థం చెప్పారు. ఎలా కప్పడం? నీటిలో నాని దుర్వాసన పట్టిన చందనపు చెక్కను అరగదీస్తే, దాని సొంత పరిమళమే ఆ వాసనను కప్పేస్తుందట. కప్పే బట్ట బయటినుంచి రానక్కర్లేదన్నమాట. చిలుకూరు గుడి చప్టా మీద అరిగింది నా అరికాళ్లేననుకున్నాను అప్పటికి.

సంక్రాంతి వెళ్లాక స్కూటరు తీసుకుని పోయాను. మెకానిక్ మాల తీసేశాడు, ఒంటిమీద గ్రీసు మరకల జీన్స్. "రా సారూ" అన్నాడు. బోల్టు విప్పబోతే పానా జారి వేలు చీరుకుంది. సగం తిట్టు బయటికి రానేవచ్చింది. చేయి మెడ దగ్గరికి పోయింది. అక్కడ మాల లేదు. మిగిలిన సగం మింగి, కుర్రాడి వైపు తిరిగి, "ఆ పన్నెండు నంబరు పానా అందుకో స్వామీ" అన్నాడు.