మెట్ల మీద పడ్డాడని రాస్తే

మా అక్క కోయంబత్తూరులో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటోంది. జబ్బులకీ దెబ్బలకీ ఐసీడీ-10 ప్రకారం కోడ్ వేసే పని. మెట్ల మీద పడితే డబ్ల్యూ10, కన్నవాళ్లే హింసిస్తే వై07.1. డాక్టరు కేస్‌షీట్‌లో రాయనిది కోడర్ ఊహించి వేయకూడదట. అంటే అమ్మానాన్నలు "పడ్డాడు సార్" అని, డాక్టరూ అదే రాస్తే, లెక్కల్లో వాడు పడ్డట్టే!

మొక్కై వంగనిది మానై వంగునా అంటూ కొడతారు. బయటికి తెలిస్తే పరువు పోతుందంటారు. పరువు పెద్దలది, వీపు పిల్లవాడిది కదా! 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కన్నవాళ్లకీ వర్తిస్తుంది. అలాగని డాక్టరు వెంటనే నేరం మోపాలని నేననను. తప్పుడు అనుమానం కూడా ఇల్లు కూలుస్తుంది. పెద్దలు చెప్పింది, పిల్లవాడు చెప్పింది, తను చూసిన వాతలు, మూడూ విడివిడిగా రాయాలి. పిల్లవాణ్ణి అడిగేటప్పుడు మాత్రం పెద్దలు గది బయటుండాలి.