ఊరు ఉన్నది చూడటానికేనా?

ఇటలీలో వెనిస్ అనే నగరం ఉంది. నూరుకు పైగా చిన్న దీవుల మీద కట్టిన ఊరు. పాత ఊళ్ళో కార్లు, బస్సులు తిరగవు. పడవ ఎక్కాలి, లేదా నడవాలి. యునెస్కో 1987లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అలాంటి ఊరిని చూడాలని ఎవరికి ఉండదు? నాకూ ఉంది.

కానీ ఒక ప్రశ్న. మనం ఇష్టపడి చూడబోయే ఊరు మనలాంటివాళ్ళు వెళ్ళడం వల్లే పాడైపోతుంటే, వెళ్ళడం న్యాయమేనా?

1951లో పాత వెనిస్‌లో సుమారు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50,000 కూడా లేరు. వరదలు, పని కోసం వలసలు కూడా కారణాలే. అయితే ఇల్లు అక్కడి కుటుంబానికి ఇచ్చేదాని కన్నా యాత్రికులకు రోజు అద్దెకు ఇస్తే ఎక్కువ డబ్బు వస్తుంది. అందుకని ఊరివాళ్ళకు ఇల్లు దొరకడం కష్టమైంది.

2021లో పెద్ద విహార నౌకలు ఊరి మధ్య కాలువలోకి రాకుండా ఆపారు. 2024లో కొన్ని రోజుల్లో, ఒక్క పూట చూసిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోలు తీసుకున్నారు. ఊరిని కాపాడటానికి ఖర్చవుతుంది, కాబట్టి తప్పు లేదని కొందరంటారు. టికెట్ పెడితే ఊరు మ్యూజియం అయిపోతుందని కొందరంటారు. నాకు రెండో మాటే నిజమనిపిస్తుంది. 5 యూరోలకు ఎవరూ ఆగరు, వెళ్ళిపోయినవాళ్ళు తిరిగి రారు.

అలాగని ఎవరూ వెళ్ళకపోతే? యాత్రికుల మీదే బతికే పడవవాళ్ళు, అంగళ్ళవాళ్ళు ఏం తినాలి? కాబట్టి మానుకోవడం కాదు, ఎలా వెళ్తున్నామన్నది ముఖ్యం.

ఈ సంగతి మనకు బాగా అర్థం కావాలి. తమిళనాడులో ఉంటూ మనం తెలుగులో చదువుకుంటున్నాం. మా తరగతిలో ఉన్నది పదకొండు మందే. పండుగకు వచ్చిన పెద్దలు "ఇక్కడ కూడా తెలుగు ఉందే!" అని మెచ్చుకుని, ఫోటో తీసుకుని పోతారు. సంతోషమే. కానీ వాళ్ళ మెప్పుతో బడి నిలవదు. వచ్చే ఏడు ఆరో తరగతిలో పిల్లలు చేరితేనే నిలుస్తుంది. "పొయ్యి వెలగని ఇల్లు ఇల్లే కాదు" అని మా అవ్వ అంటుంది.

వెనిస్ అయినా అంతే. గోడలు, గోపురాలు మాత్రమే వారసత్వం కాదు. అక్కడ పుట్టి, అక్కడే బతుకుతున్నవాళ్ళు కూడా వారసత్వమే. చూడటానికి వెళ్ళేవాళ్ళు నాలుగు రోజులుండి, ఊరివాళ్ళ అంగట్లో కొని, వాళ్ళ దారికి అడ్డం రాకుండా నడుచుకుంటే మంచిది. చూసే హక్కు మనకు ఉంటే ఉండొచ్చు. కానీ అక్కడ బతికే హక్కు దానికన్నా పెద్దదని నా అభిప్రాయం.