తొమ్మిది సెకన్ల గ్రంథపాతం

ఫైల్ సైజు చూసి "వచ్చేసింది బావా" అని మెసేజ్ పెట్టాను. తప్పు అక్కడ జరిగింది. 1.8 గిగాబైట్ల వీడియో, అక్కడ ఎంతుందో ఇక్కడా అంతే ఉంది, ఇంకేం చూడాలి? డాలస్‌లో ఉన్న బావ తన ఆన్‌లైన్ స్టోరేజీ నిండిపోయిందని ఆ రాత్రే దాన్ని తీసేశాడు. తీసిన ఫోన్ అంతకుముందే మార్చేశాడు. నేను ఆ ఫైల్ తెరిచింది నాలుగు నెలల తర్వాత, తాతయ్య పెద్దకర్మ అయిన రోజు రాత్రి. ఆఫీసులో ఎవరైనా చెక్‌సమ్ సరిచూడకుండా "కాపీ అయిపోయింది" అంటే ఊరుకోని మనిషిని నేను.

తాతయ్య వసారాలో పడక్కుర్చీలో కూర్చుని పాత సంగతులు చెబుతుంటాడు. ఆరో నిమిషంలో బొమ్మ బిగుసుకుపోయి, కండువా ఆకుపచ్చ మొహమంతా పాకి, ప్లేయర్ మూసుకుపోయింది.

జరిగిందేమిటంటే, నేను వాడిన డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ ఫైల్‌ని ముక్కలుగా విడగొట్టి ఒకేసారి దించుకుంటుంది. ముందే మొత్తం చోటు పట్టేసుకుంటుంది, ఇల్లు లేకుండా ప్రహరీ కట్టుకున్నట్టు. ఒక ముక్కలో కొంత రాలేదు. అక్కడ దాదాపు 19 మెగాబైట్ల మేర సున్నాలున్నాయి. సైజు మాత్రం సరిపోయింది.

వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు. మిగతావన్నీ "పాత బొమ్మలో ఇది ఇటు జరిగింది, ఇక్కడ కాస్త వెలుగు పెరిగింది" అన్న తేడాలే. నడుమ ఏదైనా పోతే, ఉన్నదాన్నే సాగదీసి ప్లేయర్ ఎలాగో నెట్టుకొస్తుంది. ఆకుపచ్చ మొహం అందుకే.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో రెండు రాత్రులు కూర్చున్నాను. బొమ్మనీ శబ్దాన్నీ విడివిడిగా బయటికి తీసి, చెడిపోయినవి పారేసి, మిగిలినవి మళ్ళీ జోడించి ఎంపీ4గా మార్చాను. తాతయ్య గడగడా మాట్లాడుతున్నాడు. నా పనితనానికి నేనే మురిసిపోయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను.

రాత్రి పదకొండున్నరకి పిన్ని ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "విన్నావా నువ్వు? మా నాన్న అన్నాడురా" అంది.

విన్నాను. "చిన్నదాన్ని ఇంటర్‌తో మాన్పించడం తప్పే కదరా" అంటాడు బావతో. పిన్ని ఇంటర్ ఫస్ట్ క్లాసు. 1989లో చదువు మాన్పించారు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ మాట కోసం చూసింది. తాతయ్య ఉన్నంతకాలం పండక్కి వచ్చేది, వండేది, వెళ్ళిపోయేది. ఆయన పక్కన కూర్చోవడం నేను చూడలేదు.

పాత ఫైల్ తీసేద్దామని మర్నాడు చూస్తే దాని నిడివి 14 నిమిషాల 20 సెకన్లు. నేను బాగుచేసింది 14 నిమిషాల 11. విడిగా బయటికి తీసినప్పుడు ఏది ఏ క్షణానిదో చెప్పే లెక్క పోతుంది. ఖాళీ మూసుకుపోతుంది. ఆ ఖాళీ ఎక్కడుందో వెతికాను. "మాన్పించడం" తర్వాత, "తప్పే కదరా"కి ముందు.

తొమ్మిది సెకన్లలో తాతయ్య మూడు విషయాలు మార్చగలడు. "మాన్పించడం తప్పంటుంది గానీ, అప్పుడు చేతిలో ఏముంది, పెద్దదాని పెళ్ళికి చేసిన అప్పు తీర్చకపోవడం తప్పే కదరా" అని ఉండొచ్చు. నోరు మూసుకుని వీధిలోకి చూస్తూ కూర్చుని, చివరికి ఆ మాటే అని ఉండొచ్చు. బావనడిగాను. "ఏదో అన్నాడురా, నేను ఫ్రేమ్ సరిచేసుకుంటున్నా" అన్నాడు. తర్వాత అతనే ఒక ఉపాయం కూడా చెప్పాడు: తాతయ్య గొంతు పద్నాలుగు నిమిషాలుంది కదా, ఏఐకి ఇస్తే ఆ నడిమి ముక్క కూడా అనిపించొచ్చట. ఏం అనిపించాలో నువ్వు చెప్తావా అంటే నవ్వేశాడు. నేను చేసింది మాత్రం ఏం తక్కువ? ప్రతి మాటా తాతయ్యదే, వాక్యం మాత్రం నాది.

చెప్పకపోతే ఏమవుతుంది? తాతయ్య లేడు. పిన్ని నిద్రపోతోంది. పైగా ఆ వాక్యం నిజమే అయ్యుండొచ్చు. అసలు మంచి వీడియోలో కూడా ఎక్కువ భాగం లెక్కగట్టి కట్టినదే కదా అని వాదించుకున్నాను. కానీ ఆ లెక్కలు కెమెరా చూసిన తేడాల మీద కట్టినవి. ఈ తొమ్మిది సెకన్ల కింద ఏమీ లేదు, సున్నాలు తప్ప. పిన్ని ఆ మాట విని ఒక మనిషిని క్షమించింది. ఆమె క్షమించింది తాతయ్యనో, నేను కొట్టిన కమాండ్‌నో నాకే తెలియకపోతే ఎలా?

తాళపత్రాల్లో ఆకు విరిగినచోట, పురుగు తిన్నచోట పరిష్కర్తలు చుక్కలు పెట్టి "గ్రంథపాతం" అని రాస్తారు. డిగ్రీ రోజుల్లో అది చూస్తే చిరాకేసేది. ఎంతటి పండితులు, ఆ ఒక్క పాదం పూరించలేరా అని. పూరించినవాళ్ళూ ఉన్నారు. నన్నయ 11వ శతాబ్దంలో వదిలిన అరణ్యపర్వాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు, నన్నయే రాసినట్టుగా, నన్నయ రాజుకే అంకితమిచ్చి. దొంగతనంలాగే కనిపిస్తుంది. కానీ పర్వం చివర తన పేరూ గోత్రమూ చెప్పి, మిగిలింది పూరించింది నేనేనని రాసుకున్నాడు. నేను ఆ చివరి పద్యం రాయకుండా గ్రూపులో పెట్టేశాను.

మళ్ళీ కూర్చుని ఇంకో ఫైల్ చేశాను. ఈసారి అసలు టైమ్ అలాగే ఉంచి, పోయినచోట నల్లటి తెర. 14 నిమిషాల 20 సెకన్లు. ఆదివారం పిన్ని ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. సున్నాల సంగతి ఆమెకి ఎలా చెప్పాలో తెలీక, "మధ్యలో కొంత పోయింది పిన్నీ, నేను అతికించాను" అన్నాను. ల్యాప్‌టాప్ ఇటు తిప్పమంది. నల్లతెర వచ్చినప్పుడు సౌండ్ పూర్తిగా పెంచింది. రెండోసారి చెవి దగ్గరగా పెట్టి వింది.

"ఫ్యాన్ చప్పుడు కూడా లేదేరా?"

"లేదు పిన్నీ."

కాఫీ కలుపుకొచ్చింది. చక్కెర ఎక్కువైంది, ఆమే తాగుతూ మొహం చిట్లించింది. గ్రూపులో పెట్టింది తీసెయ్యమంటావా అని అడిగాను. చాలాసేపటికి, "రెండూ ఉంచు. ఏది ఏదో తెలిసేలా పేర్లు పెట్టు" అంది.

మొదటిదానికి తాతయ్య_అతికించింది అని పెట్టాను. రెండోదానికి ఏం పెట్టాలో అక్కడ కూర్చుని తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ అది తాతయ్య_2 గానే ఉంది.