ఒక్క సాక్షి రెండు పేర్లతో

ఒకే మనుష్యుడు రెండు పేర్లు పెట్టుకొని రెండుమారులు బోనెక్కి సాక్ష్యమిచ్చినయెడల, న్యాయాధిపతి దానిని ఇద్దరి సాక్ష్యముగా ఎంచునా? శాస్త్రజ్ఞుని వ్యాసములోని ఛాయాచిత్రము అట్టి సాక్షియే. నేను చూచినది ఇదిగో, నీవును చూడుము అని అది మనతో చెప్పుచున్నది.

2005లో దక్షిణ కొరియా శాస్త్రజ్ఞుడైన హ్వాంగ్ ఊ-సుక్, ఏ అవయవముగానైనను ఎదుగగల మూలకణములను రోగుల చర్మమునుండి 11 తెగలుగా సిద్ధపరచితినని 'సైన్స్' పత్రికలో ప్రకటించెను. వెన్నుపాము దెబ్బతిని నడువలేనివారు ఆ వార్త విని ఆశతో తలలెత్తిరి. ఆయన పరిశోధనలకై స్త్రీలనుండి రెండువేలకు పైగా అండములు సేకరింపబడెను. అయితే ఆ డిసెంబరులోనే, వేర్వేరు కణములవని చూపిన చిత్రములలో కొన్ని ఒక్కటేయని ఆ దేశపు యువ పరిశోధకులు కనిపెట్టిరి. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయము విచారింపగా, రెండు తెగలే పదునొకండుగా చూపబడెననియు, ఆ రెండును రోగులవి కావనియు తేలెను. 2006 జనవరిలో పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించెను.

పొరపాటున ఒక చిత్రము రెండుచోట్ల పడరాదా అని నీవు అడుగవచ్చును. పడవచ్చును. ఎలిజబెత్ బిక్ అను సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును 20,621 వ్యాసములను పరికించి, నూటికి దాదాపు నాలుగింట ఇట్టి దోషమున్నదని 2016లో తెలిపిరి. వాటిలో కనీసము సగము బుద్ధిపూర్వకముగా చేసినట్లు తోచెను. మిగిలినవి తొందరపాటు కావచ్చును. పొరపాటు నేరము కాదు. అయితే తెలిసిన తరువాత ఊరకున్నయెడల, ఆ దినమునుండి అది అబద్ధమగును.

నోబెల్ బహుమానము పొందిన ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ గారి సంగతి చూడుము. అది చిత్రముల దోషము కాదు. 2019లో ప్రకటించిన ప్రయోగము మరల చేయగా ఫలింపలేదు. 2020 జనవరిలో ఆమె దానిని ఉపసంహరించి, తాను సరిగా చూచుకొనలేదని లోకమెదుట ఒప్పుకొని క్షమాపణ వేడిరి. ఉపసంహరించిన వ్యాసమును ఎవరును చింపివేయరు. గురుతు వేసి అందరికి కనబడునట్లు ఉంచుదురు. వెనుకకు తీసికొనుటయనగా దాచుట కాదు.

ఇది వ్రాయుచుండగా నా మనస్సాక్షి నన్ను పొడిచినది. ఎవరో చెప్పగా విన్న ఒక మరణశయ్య కథను, నేనే ఆ మంచమునొద్ద నున్నట్లు ఒక సంఘములో చెప్పితిని. వినినవారు కన్నీరు కార్చిరి. ఆ కన్నీరే నా నోరు ఇన్నేండ్లు మూసినది. నేను అక్కడ లేను. ఈ పుటలో ఒప్పుకొనుట చాలదు. ఆ సంఘమునకే వెళ్లి చెప్పవలెను.

చదువరీ, నీవు ఎవరియొద్దకు వెళ్లవలసియున్నది?