అభయం ఉన్న చోట జాగ్రత్త ఎందుకు?

అభయహస్తం మీద చేసిన వీడియో చూశాక మీలో చాలామంది దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. స్వామి అరచెయ్యి చూపించి భయపడొద్దని అభయమిస్తున్నాడు. మరి మనకి ఇన్సూరెన్స్ ఎందుకు, హెల్మెట్ ఎందుకు? అంత జాగ్రత్త పడుతున్నామంటే ఆయన మీద నమ్మకం తక్కువనే కదా? రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

దొంగలున్న ఊళ్ళో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, తాళం వేసి పడుకుంటారు. భయపెట్టే మనిషంటూ లేని చోట అడిగితేనే ప్రశ్న నిజంగా పరీక్షకి నిలబడుతుంది. నేను చూసినవాటిలో అలాంటి చోటు ఐస్‌లాండ్. అందుకే ఈసారి గీత నుంచి నేరుగా ఉత్తర అట్లాంటిక్‌లోకి వెళ్తున్నాం, ఏమీ అనుకోకండి.

ఐస్‌లాండ్ జనాభా 4 లక్షల లోపే. మన హైదరాబాద్‌లో ఒక చిన్న భాగం లెక్క. దేశానికి సొంత సైన్యం లేదు. గస్తీ తిరిగే పోలీసులు మామూలుగా తుపాకీ పెట్టుకోరు. ప్రపంచ శాంతి సూచీలో 2008 నుంచి మొదటి స్థానం వాళ్ళదే. 2013 డిసెంబరులో అక్కడి పోలీసుల కాల్పుల్లో మొదటిసారి ఒక మనిషి చనిపోయాడు. కాల్చింది తమ మీద కాల్పులు జరిపినవాడినే అయినా పోలీసు శాఖ ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పింది. రేక్యావిక్‌లో తల్లులు కాఫీ షాపులో కూర్చుని, పసిపిల్లల్ని బండిలోనే బయట చల్లగాలికి పడుకోబెట్టడం మామూలు సంగతి. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ బండి పక్కనే కాపలాగా నిలబడ్డాను, అలవాటు ఊరుకోదు కదా. ఆ తల్లి అద్దంలోంచి చూసి నవ్వింది.

అలాగని దొంగతనాలు అసలు లేవని కాదు. టూరిస్టులు గుమిగూడే చోట జేబు, బ్యాగు చూసుకోవాలి. రాత్రి బార్ల వీధిలో తాగినవాళ్ళ గొడవలు అక్కడా ఉంటాయి. పాస్‌పోర్టు కాపీ వేరేగా పెట్టుకోవడం లాంటివి మీకు తెలిసినవే. ఇక్కడితో మనుషుల వల్ల వచ్చే భయం దాదాపు అయిపోయింది.

మిగిలినది గాలి, నీళ్ళు, మంచు. ప్రయాణికుల ప్రాణాలు తీసేవి ఇవీ, రోడ్డు ప్రమాదాలూనే. గాలి ఎంత బలంగా వీస్తుందంటే, కారు తలుపు అజాగ్రత్తగా తీస్తే వెనక్కి విరిగిపోతుంది. గేసిర్ దగ్గర నీళ్ళు పక్కనే సలసల మరుగుతుంటాయి, చుట్టూ ఉన్నది మోకాలెత్తు కూడా లేని తాడు. దేశం చుట్టూ తిరిగే 1వ నంబరు రోడ్డు మీద ఒక్క కారే పట్టే వంతెనలు ఇంకా ఉన్నాయి.

విక్ ఊరికి దగ్గర్లో రేనిస్‌ఫ్యారా అని నల్ల ఇసుక తీరం ఉంది. అచ్చు గుడి స్తంభాల్లా నిలబడ్డ రాతి వరసలు, ఫోటోల్లో మీరందరూ చూసే ఉంటారు. దక్షిణాన ఎక్కడా అడ్డం లేని సముద్రం. ఎక్కడో పుట్టిన కెరటం వేల కిలోమీటర్లు బలం పుంజుకుని వస్తుంది. ఒడ్డు దగ్గరే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, విరిగిన నీళ్ళు వెనక్కి లాగే లాగుడు కూడా ఎక్కువ. పది కెరటాలు మర్యాదగా వచ్చి వెళ్తాయి. పదకొండోది వాటి గీత దాటి నలభై అడుగులు పైకి రావచ్చు. ఏళ్ళుగా అక్కడ ప్రాణాలు పోతూనే ఉన్నాయి, 2025 ఆగస్టులో ఒక చిన్నపాప పోయింది. దారిలో పెద్ద బోర్డు ఉంది, 2022లో పెట్టిన హెచ్చరిక లైట్లు ఉన్నాయి. సముద్రానికి వీపు పెట్టొద్దన్నది మొట్టమొదటి నియమం.

మేం వెళ్ళిన రోజు పసుపు లైటు వెలుగుతోంది. మన తెలుగాయనే ఒకరు, నలభై ఉంటాయేమో, కూతుర్ని కెరటాల వైపు వీపు పెట్టించి ఫోటో తీస్తున్నారు. నేను "అన్నా, పాపని కొంచెం ఇటు తీసుకురండి, అక్కడ నిలబడకూడదట" అన్నాను. ఆయన చాలా ప్రేమగానే "ఏం కాదు తమ్ముడూ, పైవాడున్నాడు" అన్నారు. ఇంకో నాలుగు ఫోటోలు తీసుకున్నారు. ఏం కాలేదు. నవ్వుకుంటూ కారెక్కి వెళ్ళిపోయారు.

ఏం కాలేదు కాబట్టే ఆ మాట నన్ను వదల్లేదు. ఏదైనా అయ్యుంటే "చూశారా" అని తేల్చేసేవాణ్ణి. ఆయన విశ్వాసం దొంగదని నేననను, మెడలో తులసిమాల కూడా ఉంది. కానీ ఒకవేళ ఆ పాపని నీళ్ళు లాగేస్తే ఏం జరిగేది? ఎవరో 112కి ఫోన్ చేసేవారు. ఆ కబురు రక్షక దళానికి వెళ్ళేది. ఐస్‌లాండ్‌లో కొండల్లో, సముద్రంలో, మంచులో మనుషుల్ని వెతికేది ఎక్కువగా జీతాల మీద పనిచేసే దళం కాదు. లాండ్స్‌బ్యోర్గ్ అనే సంఘం కింద ఊరూరా స్వచ్ఛంద దళాలున్నాయి. పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్ళది. కబురొస్తే పని వదిలేసి, రాత్రయితే పక్క మీంచి లేచి బయలుదేరతారు. ఒక్క క్రోనా తీసుకోరు. ఖర్చుల్లో పెద్ద భాగం కొత్త సంవత్సరం టపాసులు అమ్మి సంపాదించుకుంటారు! "పైవాడున్నాడు" అని ఆయన అన్నప్పుడు, గడ్డకట్టే ఆ నీళ్ళలోకి దిగాల్సింది విక్ ఊళ్ళో పిల్లలతో అన్నం తింటున్న ఎవరో ఒక తండ్రి. ఆయన్ని ఎవరడిగారు?

రామకృష్ణ పరమహంస చెప్పిన ఏనుగు కథ మీకు తెలుసు. అన్నింటా నారాయణుడే అని గురువు చెప్పగా విన్న శిష్యుడు, మదించిన ఏనుగు ఎదురొస్తే అది కూడా నారాయణుడే అని కదలకుండా నిలబడ్డాడు. పైనుంచి మావటి తప్పుకోమని అరుస్తూనే ఉన్నాడు. ఏనుగు విసిరికొట్టాక గురువు అడిగినది ఒక్కటే, మావటిలో ఉన్న నారాయణుడి మాట ఎందుకు వినలేదని. రేనిస్‌ఫ్యారాలో ఆ బోర్డు మావటి అనే నా అభిప్రాయం. ఆ పసుపు లైటు వెనక ఒకప్పుడు ఎవరో ఏడ్చిన ఏడుపు ఉంది.

ప్రహ్లాదుడి సంగతి తీసుకురావచ్చు. బాగా చూడండి, ఆయన్ని కొండ మీంచి తోశారు. స్వామి కాపాడతాడో లేదో చూద్దామని తనంతట తాను ఎక్కి దూకలేదు. తిరుమల కొండ స్వామి సొంత ఇల్లే కదా. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పాపని చంపేశాక, టీటీడీ భక్తుల చేతికి కర్రలిచ్చింది, మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని నడకదారిన పంపలేదు. గోవింద నామం చెప్పుకుంటూనే అందరూ కర్ర పట్టుకుని ఎక్కారు. అందులో నాకు భక్తి తగ్గినట్టేమీ కనపడలేదు.

గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపద జాబితా అభయంతోనే మొదలవుతుంది. మనం దాన్ని "నాకు భయం లేదు" అనే ఒకే అర్థంలో వాడేస్తాం. మన సంప్రదాయంలో అభయం దానం కూడా. సన్యాసం తీసుకునేవాళ్ళు సమస్త ప్రాణులకూ అభయం ఇస్తున్నామని సంకల్పం చెప్పుకుంటారు. అంటే నా వల్ల ఎవరికీ భయం కలగకూడదు. ఈ అర్థం పట్టుకుంటే మొదటి ప్రశ్న చిక్కు విడిపోతుంది. నేను గీత దాటకపోవడం నా ప్రాణం మీద తీపి వల్ల మాత్రమే కాదు. నా కోసం ఒకడు నీళ్ళలోకి దిగే అవసరం రాకుండా, వాడి భార్య తలుపు దగ్గర నిలబడి ఎదురు చూడకుండా నేనిచ్చే అభయం అది.

"అయినా రాసిపెట్టింది జరక్క మానదు కదా" అని మా ఫ్రెండ్ ఒకడు వాదిస్తాడు. వాడికి నా జవాబు, నీ ప్రారబ్ధం నీదే, ఒప్పుకున్నాను. దాని బిల్లు ఇంకొకడి పేరు మీద పంపించకు. (వాడు ప్రతి శుక్రవారం సర్వర్ బ్యాకప్ తీసుకున్నాకే ఇంటికెళ్తాడు. అక్కడ ప్రారబ్ధం గుర్తురాదు.)

ఐస్‌లాండ్ వాళ్ళకీ "థెట్టా రెద్దాస్ట్" అని ఒక మాటుంది. ఎలాగోలా సర్దుకుంటుందిలే అని. మన "దేవుడే చూసుకుంటాడు"కి చాలా దగ్గర. కానీ ఆ మాట అనే జనమే సెలవు రోజుల్లో మంచులో తాళ్ళు కట్టుకుని, మనుషుల్ని వెతకడం సాధన చేస్తుంటారు.

అటువైపు వెళ్ళే ఆలోచన ఉంటే మూడు పనులు చెయ్యండి. పొద్దున్నే వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి, ఆరెంజ్ ఉంటే ఆ రోజు ప్లాన్ మార్చేసుకోండి. రోడ్డు మూసేశారంటే గూగుల్ మ్యాప్ దారి చూపించినా వెళ్ళకండి. ఊళ్ళకి దూరంగా నడకకి వెళ్తుంటే సేఫ్‌ట్రావెల్ సైట్‌లో మీ దారి, తిరిగొచ్చే టైము రాసి పెట్టండి, బస చేసిన చోటా చెప్పండి. క్షేమంగా రాగానే వాళ్ళకి ఆ మాట తెలియజెయ్యండి, రాత్రి పొద్దుపోయినా సరే. లేకపోతే మీరు దుప్పటి కప్పుకుని పడుకున్నాక, బయట ఎవరో టార్చిలైటు పట్టుకుని మీ కోసం తిరుగుతుంటారు.