పిల్ల చెయ్యి పట్టుకుని పరదేశం పోయినప్పుడు



మన ఇళ్ళల్లోకి ఇప్పుడు పాస్‌పోర్టులు వచ్చినయ్. ఒక తరం కిందట కారంపూడి పల్లె నుంచి గుంటూరు పోయి రావడమే పెద్ద ప్రయాణం. అది కూడా ఆసుపత్రికో, కోర్టుకో. ఇప్పుడు మన పిల్లలు టీచర్లయ్యారు, బ్యాంకుల్లో చేరారు, కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్నారు. వేసవి సెలవులొస్తే సింగపూరు, దుబాయి, శ్రీలంక అంటున్నారు. "ఆ డబ్బు విహారానికి ఇస్తే గోడలన్నా లేచేవి గదా" అని సణిగే పెద్దలు మనలో ఉన్నారు. నేనట్లా అనను. మన తాతలు కూలికి తప్ప ఊరు దాటి ఎరగరు. వాళ్ళ మనవరాలు ఊరికే చూడ్డానికి, ఆడుకోడానికి సముద్రం దాటిందంటే అది కూడా బాబాసాహెబ్ సంపాదించి పెట్టిన ఆస్తిలో భాగమే. గోడలు ఎట్లాగూ కట్టుకుందాం.

అయితే బిడ్డను వెంటబెట్టుకుని పోయినప్పుడు ఏం చూపించాలి, అది అడిగేదానికి ఏం జవాబు చెప్పాలి? ఇది టూరిస్టు ఏజెంటు చెప్పే సంగతి కాదు. ధమ్మం చెప్పాల్సిన సంగతి. ఈ పూట దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక సెలవుల ప్రయాణం గుర్తు చేసుకోవాలి. 1901వ సంవత్సరం. సతారాలో ఉండే పిల్లలు కొందరు ఎండాకాలం సెలవులకు గోరేగావ్‌లో కొలువు చేస్తున్న తండ్రి దగ్గరికి బయలుదేరారు. కొత్త చొక్కాలు, తళుకుల టోపీలు, కొత్త చెప్పులు. మొదటిసారి రైలెక్కుతున్నామన్న సంబరం. వాళ్ళల్లో పదేళ్ళ ప్రాయం పిల్లవాడు భీమ్‌రావు. మసూర్ స్టేషన్లో దిగారు. తండ్రి పంపాల్సిన మనిషి రాలేదు. స్టేషన్ మాస్టరు జాలిగా పలకరించి, మీరెవరని అడిగాడు. మహర్లమని చెప్పగానే మొహం మారిపోయింది, తన గదిలోకి వెళ్ళిపోయాడు. బండివాళ్ళెవరూ రామన్నారు. చివరికి రెండింతల బాడుగకు ఒకడు ఒప్పుకున్నాడు. షరతేమిటంటే పిల్లలే బండి తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. దగ్గర అన్నం మూట ఉన్నా తాగడానికి నీళ్ళిచ్చేవాళ్ళు లేక ఆ రాత్రి పస్తే. ఆ ప్రయాణాన్ని బాబాసాహెబ్ తన అనుభవాల రాతల్లో మొదటి సంగతిగా పెట్టుకున్నారు. ఆ రాతలకు పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. సొంత దేశంలో, సొంత తండ్రి దగ్గరికి పోవడానికి!

మన పిల్లలకిప్పుడు వీసా ఇంటర్నెట్టులోనే వస్తుంది. అందుకే ఈ కథ చెప్పకుండా బిడ్డను విమానం ఎక్కించకండి. భయపెట్టేటట్టు కాదు. "మన భీమయ్య తాత కూడా చిన్నప్పుడు నీలాగే కొత్త టోపీ పెట్టుకుని సెలవులకు పోయాడు" అని మొదలుపెడితే ఆరేళ్ళ పిల్ల కూడా చెవులు రిక్కించి వింటుంది. మా పాప విన్నది. "మరి ఎవరూ నీళ్ళివ్వలేదా నానా?" అని రెండుసార్లు అడిగింది.

పోయిన వేసవిలో మేం ముగ్గురం, నేను, నా సహచరి, పాప, చెన్నై నుంచి కొలంబో పోయాం. విమానం గంటన్నర కూడా పట్టదు. శ్రీలంకే ఎందుకంటే, అది మనకు పరాయి దేశం కాదు గనక. మాచర్ల దాటి విజయపురి సౌత్ పోతే నాగార్జునకొండకు లాంచీ ఎక్కే రేవు వస్తుంది. ఆ లోయలో 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని ఉండేది. వీరపురుషదత్తుడు రాజుగా ఉన్న 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక అక్కడి చుల ధమ్మగిరి మీద ఒక చైత్యం కట్టించి, తంబపన్ని భిక్షువులకు ఇచ్చింది. తంబపన్ని అంటే నేటి శ్రీలంక. ఆ భిక్షువులు కాశ్మీరం, గాంధారం, చీనా దాకా ధమ్మం చెప్పినవాళ్ళని శాసనంలో చెక్కించింది. సింహళ విహారం అని అక్కడ ఒకటి ఉండేది. దాంట్లో బోధివృక్షానికి మందిరం కట్టించింది కూడా ఆమే. రాణి కాదు, రాజు కూతురు కాదు. గృహస్థురాలు. మన పల్నాటి మట్టి మీద సింహళ భిక్షువులకు గూడు కట్టిన ఆడమనిషి. ఇప్పుడు ఆ లోయ సాగర్ నీళ్ళ కింద ఉంది. ఆనకట్ట నిండకముందు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాల్ని కొండ మీదికీ అనుపుకూ తరలించి నిలబెట్టారు. మన బడిపుస్తకాల్లో పల్నాడంటే కోడిపందెం, యుద్ధం, నెత్తురు. బోధిసిరి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అనురాధపురం పోయినప్పుడు ఆమె పేరు పాపకు చెప్పాను. అక్కడి జయశ్రీ మహాబోధి, సంఘమిత్త బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ నుంచి పెరిగిందని సింహళులు కాపాడుకుంటూ వస్తున్న చెట్టు. రెండువేల రెండువందల ఏళ్ళు దాటింది. అందరూ తెల్లబట్టలే. చేతుల్లో తామరపూలు. చెప్పులు బయట విడిచి నడవాలి. మే నెల ఎండకు రాళ్ళు పెనం మాదిరి కాలతాయి, చిన్నపిల్లలతో పోయేవాళ్ళు తెల్లారుగట్లే పోవడం మంచిది. చెట్టు దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని వందన చెప్పుకుంటా ఉంది. భాష మనది కాదు, మొహం మనది కాదు. ఇంతలో త్రిశరణం మొదలుపెట్టింది. మా పాప తల ఎత్తింది. ఆదివారం మన విహారంలో చెప్పేదే! పక్కన చేరి ఆమెతోపాటు పంచశీల దాకా గొంతు కలిపింది. ముసలమ్మ కళ్ళు తెరిచి, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది, చేతిలో ఒక పువ్వు పెట్టింది. మీరెవరు, ఏ ఊరు అని అడగలేదు, అడిగినా మాకు అర్థమయ్యేది కాదు. పాళీ ఎందుకు, తెలుగులో చెప్పుకుంటే పోలేదా అని మన కుర్రాళ్ళు అడుగుతుంటారు. తెలుగులో అర్థం తప్పకుండా చెప్పుకోవాలి. కానీ పాళీ వదలొద్దు. ఆరేళ్ళ పిల్లకు ఆ దేశంలో దొరికిన చుట్టరికం ఆ నాలుగు మాటలే.

వైశాఖ పున్నమి అక్కడ పెద్ద పండగ. రెండు రోజులు సెలవు, వీధులనిండా కాగితపు లాంతర్లు. మాంసం, మద్యం అమ్మకాలు బంద్. దారి పొడుగునా 'దన్సల్' అని అన్నదానాలు. అన్నం, ఉడకబెట్టిన శనగలు, పిల్లలకు ఐస్‌క్రీం కూడా. కారున్నాయన, రిక్షా ఆయన ఒకే వరసలో నిలబడ్డారు. పాపకు మన ఊరి చాపకూడు గుర్తొచ్చింది. నిజమే, మనకు కొత్తగాదు. 12వ శతాబ్దంలోనే బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టాడనీ, మాల కన్నమదాసును సేనాధిపతిని చేశాడనీ మన వీరగాథ చెబుతుంది. ఇప్పటికీ కార్తీకంలో వీరుల ఉత్సవాలకు నాగులేటి ఒడ్డున చాపకూడు పెడతారు. మంచిదే. కానీ ఆ ఒక్కరోజు చాప చుట్టేసిన తర్వాత మిగతా రోజుల సంగతి ఏంది? సహపంక్తి భోజనాలతో మాత్రమే కులం పోదని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. దన్సల్ చూసి మురిసిపోయి వచ్చే మనవాళ్ళకు కూడా ఈ మాట చెప్పాలి.

ఎందుకంటే బౌద్ధ దేశంలో కులం లేదనుకుంటే పొరపాటు. క్యాండీలో దంతధాతు మందిరం చూసి ముచ్చటపడతాం. ఆ ఊళ్ళోనే మల్వత్త, అస్గిరియ అనే రెండు పెద్ద విహారాలున్నాయి. అవి 1753లో సయాం నుంచి వచ్చిన ఉపసంపదతో మొదలైన సయాం నికాయానివి. దాంట్లో ఉపసంపద గొవిగమ అనే వ్యవసాయ కులం వాళ్ళకే అని కట్టడి పెట్టుకున్నారు. కాదన్నందుకు మిగతా కులాలవాళ్ళు బర్మా దాకా పోయి ఉపసంపద తెచ్చుకుంటే 19వ శతాబ్దం మొదట్లో అమరపుర నికాయం పుట్టింది. భగవాన్ బుద్ధుడేం చేశాడు? మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇచ్చి, శాక్య రాకుమారుల చేత అతనికి మొక్కించాడు. చీవరం కప్పుకున్నంత మాత్రాన మనిషిలో కులం చావదు. అదే దేశంలో తమిళులతో జరిగిన యుద్ధం 2009 దాకా నడిచింది. ధమ్మం ఉన్న దేశం, ధమ్మం నడిచే దేశం, రెండూ ఒకటి కావు. ఇది మనం తలదించుకోవాల్సిన విషయం కాదు, మన పని ఎంత ఉందో తెలిపే విషయం.

ఆ దంతధాతు మందిరం పక్కనే విష్ణు దేవాలయం ఉంది. పత్తిని, నాథ దేవాలయాలు కూడా. అక్కడి బౌద్ధులే పూలూ పండ్లూ పట్టుకుపోయి మొక్కుకుంటారు. పాప నిలేసి అడిగింది: "మనం విష్ణువుకు మొక్కమని చెప్పుకున్నాం గదా, వీళ్ళు బౌద్ధులు కాదా?" చుట్టూ జనం. ఇంటికెళ్ళాక చెబుతాలే అని దాటెయ్యొచ్చు. దాటెయ్యకూడదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మొదటిది అదే గదా. "వాళ్ళూ బౌద్ధులే అమ్మా. కష్టమొస్తే ఎవరో పైనుంచి తీరుస్తారని ఇంకా అనుకుంటున్నారు. మనం అట్లా అనుకోం. వాళ్ళను ఎగతాళి చెయ్యం, మనం మొక్కం" అన్నాను. అంతే. పిల్లలకు పొడుగు జవాబులు అక్కర్లేదు. మనవాళ్ళు కొందరు బోధిచెట్టు దగ్గర కూడా కొడుక్కు ఉద్యోగం రావాలనీ, స్థలం తగాదా తెగాలనీ మొక్కుకుంటున్నారు. పాత మొక్కు కొత్త చెట్టుకు కట్టినట్టే అది.

ఇక అసలు సంగతి. క్యాండీలో మేం దిగిన లాడ్జిలో మరో తెలుగు కుటుంబం దిగింది. పొద్దున టిఫిన్ దగ్గర కలిశారు. పరదేశంలో తెలుగు మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది, కాదనను. పిల్లలిద్దరూ ఉయ్యాల దగ్గరికి పరిగెత్తారు. ఏ ఊరు, ఏం చేస్తారు, అన్నీ అయ్యాయి. కాఫీ అయ్యేలోగా ఆమె అడగనే అడిగింది: "ఇంతకీ మీరేంట్లు అన్నయ్యగారూ?" సింహళ ముసలమ్మ అడగని ప్రశ్న! సముద్రం దాటి మన వెంటే వచ్చింది. పాప నీళ్ళ కోసం వచ్చి నా పక్కనే నిలబడి ఉంది. "మాది కారంపూడి పల్లె అమ్మా. ఇప్పుడు బౌద్ధులం" అన్నాను. ఆమె "ఓహో" అంది. కాసేపటికి వాళ్ళబ్బాయిని ఉయ్యాల మీంచి పిలుచుకుని గదిలోకి పోయింది. కారణం అదేనో, వాళ్ళకు బయలుదేరే టైమైందో, నేను తీర్పు చెప్పను.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు ఏం చేస్తారో నాకు తెలుసు. ఇంటిపేరు మింగేస్తారు, వేరే ఏదో చెప్పి తప్పుకుంటారు. వాళ్ళను నేను తిట్టను. ఆ ఒక్క మాటతో అద్దె ఇల్లు పోయినవాళ్ళున్నారు, ఉద్యోగంలో పలకరింపు పోయినవాళ్ళున్నారు. పదేళ్ళ భీమ్‌రావు కూడా ఆ రాత్రి టోల్ గేటు దగ్గర నీళ్ళ కోసం ముసల్మానునని చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా నీళ్ళు దొరకలేదు. దాహం చేత చెప్పించిన ఆ అబద్ధం పాపం పిల్లవాడిది కాదు, నీళ్ళివ్వని వాళ్ళది. కానీ మనకిప్పుడు దాహం లేదు. చేతిలో నీళ్ళ సీసా ఉంది, పక్కన బిడ్డ ఉంది.

భగవానుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన పాఠం గుర్తుంది గదా. అప్పుడు రాహులుడికి ఏడేళ్ళని చెబుతారు. కాళ్ళు కడుక్కున్న పాత్రలో కాసిని నీళ్ళు మిగిల్చి చూపించాడు. తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడిలో మంచి అంతే మిగులుతుందన్నాడు. ఆ నీళ్ళు పారబోశాడు, పాత్ర బోర్లించాడు, ఖాళీ పాత్ర చూపించాడు. తర్వాత అడిగాడు, అద్దం ఎందుకుంటుంది అని. చూసుకోడానికన్నాడు పిల్లవాడు. అట్లాగే ఏ పనైనా, ఏ మాటైనా, ఏ తలపైనా చెయ్యబోయేముందు చూసుకో, చేస్తుండగా చూసుకో, చేసినాక చూసుకో. దీనివల్ల నాకు గానీ ఎదుటివాళ్ళకు గానీ బాధ ఉందా అని. ఏడేళ్ళ పిల్లవాడికి నరకం చూపించలేదు, శాపం పెట్టలేదు. చెంబు చూపించాడు.

మన ఇళ్ళల్లో ఆ చెంబు ఎక్కడ బోర్లబడుతుందో చూడండి. బస్సెక్కేటప్పుడు "కండక్టరు అడిగితే నాలుగేళ్ళని చెప్పు" అని బిడ్డకు మనమే నేర్పుతాం. పది రూపాయలు మిగులుతాయి. ఆ నోటితోనే ఆదివారం మూసావాదా వేరమణీ అని శీలం చెప్పిస్తాం. బిడ్డకు రెండూ గుర్తుంటాయి. పెద్దయ్యాక "మీరేంట్లు" అని అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో ఆ రెండిట్లో ఏది గుర్తొస్తే దాన్నిబట్టే చెబుతుంది.

ఆ సాయంత్రం పాప అడిగింది, "ఆ అత్త మనల్ని ఏంట్లు అంటే ఏం అడిగినట్టు?" నా సహచరి చెప్పింది: "మసూర్ స్టేషన్లో ఆ మాస్టరు అడిగాడే, అది." పాప కాసేపు గోళ్ళు కొరుక్కుని, "మనకు నీళ్ళున్నయ్ గదా" అంది.

క్యాండీ నుంచి కొండల్లోకి రైలు పోతుంది. తేయాకు తోటల మధ్య, చాలా బాగుంటుంది. టూరిస్టులు ఆకు తెంపే ఆడవాళ్ళతో ఫొటోలు దిగుతారు. వాళ్ళు తెల్లవాళ్ళ కాలంలో తమిళ దేశం నుంచి కూలికి తోలుకొచ్చిన కుటుంబాల వాళ్ళు, ఎక్కువమంది మనలాంటి పల్లెలవాళ్ళే. 1948లో చేసిన పౌరసత్వ చట్టంతో లక్షలమంది ఏ దేశానికీ కానివాళ్ళయ్యారు. ఫొటో దిగాలనుకుంటే ముందు నమస్కారం పెట్టి అడగమని బిడ్డకు చెప్పండి.

శ్రీలంక పోలేనివాళ్ళు బాధపడాల్సిన పని లేదు. ఈ ఆషాఢ పౌర్ణమికి, వర్షావాసం మొదలయ్యే రోజున, పిల్లలను నాగార్జునకొండ తీసుకుపోదామని మన విహారంలో అనుకున్నాం. మాచర్ల మీదుగా బస్సు. చద్దిమూటలు ఎవరివి వాళ్ళే తెచ్చుకుని అక్కడ కలిపి తిందాం. బోధిసిరి కథ పెద్దపిల్లలు చదివి చిన్నపిల్లలకు చెప్పాలి. పేర్లు వచ్చే ఆదివారం లోగా ఇవ్వండి. బస్సులో, లాంచీలో ఎవరి పిల్లల వయసు వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పి టిక్కెట్టు తీసుకోవాలి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.